నల్ల తీగకు నల్ల తీగ కలిపితే

ప్రశ్న: మా అబ్బాయి 2005లో కొన్న టయోటా కరోలా పెట్రోలు కారు ఇప్పుడు నా దగ్గర ఉంది. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలల క్రితం చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. మెకానిక్ స్కానర్ పెట్టి పి0135 కోడ్ చూపించాడు, ఆక్సిజన్ సెన్సారు పోయిందన్నాడు. కంపెనీ సెన్సారు ఖరీదెక్కువ, రావడానికి రోజులు పడుతుందని చెప్పి, అందులో నాలుగో వంతు ధరకు 'అన్ని కార్లకూ సరిపోయే' సెన్సారు బిగించాడు. దానికి సాకెట్ లేదు. పాత సెన్సారు సాకెట్ కోసి కొత్తదాని తీగలకు అతికించాడు. పది కిలోమీటర్లు వెళ్లేసరికి లైటు మళ్లీ వెలిగింది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి 9 ఇస్తోంది. పొల్యూషన్ పరీక్షలో సిఓ (కార్బన్ మోనాక్సైడ్) 2.1 శాతం వచ్చి సర్టిఫికెట్ ఇవ్వలేదు. పాత సెన్సారు తీగలు రెండు నలుపు, ఒకటి నీలం, ఒకటి తెలుపు. కొత్తదానివి రెండు తెలుపు, ఒకటి నలుపు, ఒకటి బూడిద రంగు. నల్లదానికి నల్లది, తెల్లదానికి తెల్లది కలిపి, మిగిలినవి అనుభవం మీద కలిపానన్నాడు. పాత సెన్సారు నా దగ్గరే ఉంది. కొత్తది కూడా చెడిపోయినదేనా? ఏది కొనాలి? 20 శాతం ఇథనాల్ పెట్రోలు వల్లే ఇదంతా అంటున్నారు, నిజమేనా?
– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, హైదరాబాదు

జవాబు: మాస్టారూ, ముందు ఒక పని చేయండి. బండి పూర్తిగా చల్లారాక ఆ సెన్సారు సాకెట్ ఊడదీయించండి. సెన్సారును విప్పనక్కరలేదు, సాకెట్ ఒక్కటి విడదీస్తే చాలు. సరైన సెన్సారు వచ్చేదాకా బండి తీయక తప్పకపోతే అలాగే, దగ్గరి దూరాలకే నడపండి. పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. అంతకంటే పెద్ద నష్టం ఇప్పుడున్న అతుకుల్లో ఉంది.

తీగల రంగులు రాసి మీరు నా పని సులువు చేశారు. రెండు నలుపు, ఒక నీలం, ఒక తెలుపు అంటే డెన్సో కంపెనీ వాడే రంగులు. అందులో నల్లవి రెండూ హీటర్ తీగలు, అంటే సెన్సారును వేడి చేసే భాగానివి. నీలం, ఇంజిన్ వదిలే వాయువులో ఆక్సిజన్ సంగతి ఇంజిన్ కంప్యూటరుకు చెప్పే సిగ్నలు, తెలుపు ఆ సిగ్నలుకు గ్రౌండు, అంటే తిరుగుదారి. రెండు తెలుపు, ఒక నలుపు, ఒక బూడిద రంగు అంటే బాష్, ఎన్‌టీకే కంపెనీల పద్ధతి. అక్కడ తెల్లవి రెండూ హీటరువి, నలుపు సిగ్నలు, బూడిద రంగు గ్రౌండు. ఒక కంపెనీ హీటరుకు వాడిన రంగునే ఇంకో కంపెనీ సిగ్నలుకు వాడింది. ఈ రంగుల మీద అందరికీ కలిపి ఒక నియమం ఎప్పుడూ లేదు. రంగుకు రంగు కలపడం చూడటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది, అందుకే ఇందులో ఇంతమంది పడతారు.

ఇక లెక్క మీరే వేసి చూడండి. హీటరు పనిచేయాలంటే దాని రెండు కొనల్లో ఒకటి బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల తీగకు, రెండోది కంప్యూటరు అదుపు చేసే తీగకు తగలాలి. ఆ రెండూ పాత సాకెట్‌లో నల్ల తీగలు. మీ మెకానిక్ కొత్త హీటరు తెల్ల తీగల్లో ఒకదాన్ని పాత తెల్ల తీగకు, అంటే సిగ్నలు గ్రౌండుకు కలిపేశాడు. ఆ ఒక్క అతుకుతోనే కథ ముగిసింది. మిగిలిన మూడు తీగలను ఎన్ని విధాలుగా మార్చి కలిపినా హీటరు తన సర్క్యూటులోకి రాదు. కంప్యూటరుకు తన హీటరు తీగలో కరెంటు కనబడదు కాబట్టి మళ్లీ అదే పి0135 చూపిస్తుంది. రెండోసారి వచ్చిన కోడ్ మీరు రాయలేదు కానీ, అది ఇదే అయితే నాకేమీ ఆశ్చర్యం లేదు.

హీటరు తన సర్క్యూటులో లేకపోవడం ఇందులో చిన్న సంగతి. మిగిలిన తీగలు ఎటు కలిశాయన్న దాన్నిబట్టి రెండు మూడు రకాల ప్రమాదాలున్నాయి. 12 వోల్టులు కొత్త హీటరు గుండా సిగ్నలు గ్రౌండులోకి దిగుతుండవచ్చు. మిల్లీ ఆంపియర్ల కోసం వేసిన సన్నని దారిలో ఆంపియరు దగ్గర కరెంటు పోతున్నట్టు. లేదా ఆ 12 వోల్టులు నేరుగా సెన్సారు లోపలి జిర్కోనియా పింగాణీ మీద పడుతుండవచ్చు. ఒక వోల్టు కూడా పుట్టించని వస్తువు అది. దాని అవతల ఉన్నది కంప్యూటరు సిగ్నలు కాలు, అంటే సిగ్నలు అందుకునే పిన్ను. ఇరవై ఏళ్ల కారుకు కంప్యూటరు పెట్టె వెతకడం సెన్సారు వెతకడం లాంటిది కాదు. అందుకే ముందు సాకెట్ ఊడదీయమన్నాను.

మీ మెకానిక్ మీద కోపం తెచ్చుకోకండి. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపిన రోజుల్లో నేనూ ఒకసారి ఇలాగే నల్లదానికి నల్లది కలిపాను. ఆ సాయంత్రం ఇంకో కంప్యూటరు కోసం పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. బండి యజమాని ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధించింది. రంగులు చూడటం ఆ రోజుతో మానేశాను. తీగ ఏ పని చేస్తుందో మీటరు పెట్టి చూశాకే కత్తెర పట్టుకునేవాణ్ణి.

కొత్త సెన్సారు చెడిపోయినదేనా అని అడిగారు. కొన్నప్పుడు మంచిదే అయి ఉండవచ్చు, ఇప్పుడు దాన్ని నమ్మలేం. రెండు తెల్ల తీగల మధ్య హీటరు బాగానే ఉన్నట్టు మీటరు చూపించినా, 12 వోల్టులు తగిలి ఉండగల సెన్సారును మళ్లీ బిగించమని నేను చెప్పను. దాని డబ్బు పోయినట్టే అనుకోండి.

పాత సెన్సారును మీరు పారేయకుండా ఉంచుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో జరిగిన తెలివైన పని. దానితో రెండు పనులున్నాయి. మొదటిది, అసలు అది చచ్చిందో లేదో తేల్చడం. పి0135 అనే కోడ్‌కు 'సెన్సారు పోయింది' అని అర్థం లేదు. 'మొదటి సెన్సారు హీటరు సర్క్యూటులో తేడా ఉంది' అని మాత్రమే అర్థం. ఆ సర్క్యూటులో ఫ్యూజు ఉంది, కరెంటును కలిపి విడదీసే స్విచ్చు లాంటి రిలే ఉంది, ఇంజిన్ వేడికి పెళుసెక్కిన తీగ ఉంది, చిలుము పట్టిన సాకెట్ పిన్ను ఉంది. మామూలు మల్టీమీటరును ఓముల మీద పెట్టి పాత సెన్సారు రెండు నల్ల తీగల మధ్య చూడండి. టయోటాలో వాడిన మామూలు డెన్సో ఆక్సిజన్ సెన్సార్లకు చల్లగా ఉన్నప్పుడు 11 నుంచి 16 ఓముల దాకా రావాలి. మీ వరండాలో ఎండ బాగా ఉంటే కాస్త ఎక్కువ రావచ్చు. అంతులేని సంఖ్య చూపిస్తే హీటరు తెగింది, మెకానిక్ మొదట చెప్పింది నిజమే. 13 ఓములో 14 ఓములో చూపిస్తే మాత్రం సెన్సారు కొనే ముందు ఆగండి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, కారు వైపు సాకెట్‌లో ఏదో ఒక పిన్నులో 12 వోల్టులు వస్తున్నాయేమో చూపించండి. రాకపోతే ఫ్యూజు, రిలే, తీగ, ఈ వరుసలో వెతకాలి. పది రూపాయల ఫ్యూజు పోయిన బండ్లకు కొత్త సెన్సార్లు బిగించి పంపిన షెడ్లను చూశాను.

హీటరు మీద ఇంత పట్టు ఎందుకంటే, ఈ సెన్సారు చలిలో పనిచేయదు. సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ జిర్కోనియా సిగ్నలు పుట్టించదు. 1976లో బాష్ తయారీ సెన్సారు వోల్వో కారులో మొదటిసారి వచ్చినప్పుడు దానికి హీటరే లేదు, ఒక్క తీగతో నడిచింది. ఇంజిన్ వదిలే వేడి వాయువే దాన్ని కాచాలి. తరువాత హీటరు చేరి తీగలు మూడయ్యాయి, గ్రౌండుకు వేరే తీగ ఇచ్చాక నాలుగయ్యాయి. ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి అందితే సరైన దహనం. పెట్రోలు ఎక్కువైతే సెన్సారు 0.9 వోల్టు దగ్గర, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర చూపిస్తుంది. నడిమి గీత 0.45. కంప్యూటరు ఆ గీతకు అటూ ఇటూ ఊగుతూ పెట్రోలు సర్దుకుంటుంది. మీ బండిలో ఆ ఊగడం ఆగిపోయింది. కంప్యూటరు కళ్లు మూసుకుని కాస్త ఎక్కువే పోస్తోంది. 12 కాస్తా 9 అయిందీ, మీ కారు కాలం నాటి బండ్లకు 0.5 శాతం దాటకూడని సిఓ 2.1కి చేరిందీ అందుకే.

పాత సెన్సారుతో రెండో పని దాని ఒంటి మీద ఉన్న నంబరు చదవడం. మసి పట్టి ఉంటుంది. షట్కోణం మీదా దాని పైన ఉన్న లోహపు గొట్టం మీదా గుడ్డతో తుడిచి, ఫోనుతో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. టయోటా నంబర్లలో మొదటి ఐదంకెలే చాలా చెబుతాయి. 89465తో మొదలైతే అది మామూలు ఆక్సిజన్ సెన్సారు. 89467తో మొదలైతే అది ఎయిర్ ఫ్యూయల్ సెన్సారు. దానికీ నాలుగే తీగలుంటాయి, చూపుకు కవల పిల్లల్లా ఉంటాయి. లోపలి పని మాత్రం వేరు. మామూలుది వోల్టేజీ పుట్టిస్తుంది, రెండోదానిలో కంప్యూటరు కరెంటును కొలుస్తుంది. ఒకదాని చోట ఇంకొకటి పెడితే సాకెట్ కలిసినా మాట కలవదు.

మా మేనల్లుడు టెక్సాస్‌లో చదువుకుంటూ 2000 నాటి నాలుగు సిలిండర్ల క్యామ్రీ కొన్నాడు. మన పిల్లలు అక్కడ ఒకరి తరువాత ఒకరు చేతులు మార్చుకునే కారు అది. సెన్సారు పోతే మోడలు, సంవత్సరం కొట్టి ఇంటర్నెట్‌లో తెప్పించుకున్నాడు. బిగిస్తే పనిచేయలేదు. చెడిపోయినది వచ్చిందనుకుని అదే ఇంకోటి తెప్పించాడు. అదీ పనిచేయలేదు. బానెట్ ఎత్తి లోపలి స్టిక్కరు ఫోటో పంపమన్నాను. కాలిఫోర్నియా నిబంధనలకు తయారైన బండి అని దాని మీదే ఉంది. ఆ కాలపు క్యామ్రీల్లో కాలిఫోర్నియా బండికి ముందు వైపు ఎయిర్ ఫ్యూయల్ సెన్సారు, మిగతా రాష్ట్రాల బండికి మామూలు ఆక్సిజన్ సెన్సారు పెట్టారు. మోడలు ఒకటే, సంవత్సరం ఒకటే, ఇంజిన్ ఒకటే. అందుకే 'కరోలా 2005కు ఇవ్వండి' అని కొట్లో అడగకండి. సెన్సారు మీది నంబరు చెప్పండి. అది చదవడానికి వీల్లేకపోతే ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ విడిభాగాల కౌంటరులో నంబరు రాయించుకోండి. అక్కడ కొనాలన్న నియమం లేదు, నంబరు తెచ్చుకుంటే చాలు. విదేశీ సైట్లలో మీ మోడలు పేరుతో కనిపించే పట్టికలను మాత్రం మన దేశంలో అమ్మిన కారుకు వాడకండి.

నంబరు చేతికి వచ్చాక అదే నంబరుకు డెన్సో సొంత పేరుతో అమ్మే సెన్సారు ఉంటుంది. కారు కంపెనీ డబ్బాలో ఉండేది చాలాసార్లు ఆ తయారీయే, ధర తక్కువ. మీకు నేను చెప్పేది అదే: పాత సాకెట్ లాంటి సాకెట్‌తో, అంతే పొడవు తీగతో వచ్చే డెన్సో సెన్సారు. బాష్, ఎన్‌టీకేల్లో మీ నంబరుకు సరిపోయేది దొరికినా అభ్యంతరం లేదు. ఆ కంపెనీ పట్టికలో మీ నంబరు ఉండాలి, కొట్టువారి నోట ఉంటే చాలదు.

కొనేముందు పాతదాన్ని పక్కన పెట్టి ఇంకో రెండు చూసుకోండి. కొన్ని సెన్సార్లు మరతో బిగుస్తాయి, చాలావాటికి అది 18 మిల్లీమీటర్ల మర. టయోటాలో కొన్నింటికి మర ఉండదు, రెండు నట్లతో బిగించే పలక ఉంటుంది. హీటరు ఓములు కూడా పాతదాని స్థాయిలోనే ఉండాలి. మరీ తక్కువైతే కంప్యూటరులో హీటరును నడిపే భాగం మీద భారం పడుతుంది, మరీ ఎక్కువైతే అదే పి0135 తిరిగి వస్తుంది. టైటానియా అనే వేరే జాతి సెన్సార్లూ ఉన్నాయి. అవి వోల్టేజీ పుట్టించవు, నిరోధం మారుస్తాయి. వాటితో మీకు పని లేదు, ఎవరైనా 'ఇదీ పనిచేస్తుంది' అని చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి. పాత బండ్ల నుంచి విప్పిన సెన్సారు కూడా వద్దు. హీటరున్న సెన్సారు ఆయుష్షే సుమారు 1,60,000 కిలోమీటర్లు. మీది ఆ లెక్క పూర్తి చేసింది. ఎవరిదో సగం తిన్నది మీకెందుకు?

సాకెట్ లేని సెన్సారు వాడటమే తప్పా అంటే, కాదు. మంచి కంపెనీలే అలాంటివి అమ్ముతాయి. వాటి డబ్బాలో ఏ కంపెనీ ఏ రంగు దేనికి వాడుతుందో చెప్పే కాగితం ఉంటుంది. దాన్ని చదవకుండా డబ్బాతో పాటు పారేయడం మన అలవాటు. మీకు సరైన సాకెట్ ఉన్న సెన్సారు దొరక్క అదే గతి అయితే, పాత డెన్సో నల్లవి రెంటికి కొత్తదాని తెల్లవి రెండు, ఏది దేనికైనా ఫరవాలేదు. నీలానికి నలుపు. తెలుపుకు బూడిద రంగు. ఈ మూడు వాక్యాలు కాగితం మీద రాసి మెకానిక్ చేతిలో పెట్టండి. అతుకులు టంకం పెట్టకుండా నొక్కే కనెక్టర్లతో వేయించండి. ఈ సెన్సారు బయటి గాలితో పోల్చి చూసుకునే వస్తువు, చాలా రకాల్లో ఆ గాలి తీగ పోగుల సందుల్లోంచే లోపలికి వెళుతుంది. టంకం కారి, ఫ్లక్స్ దిగి ఆ దారి మూసుకుపోతే మంచి సెన్సారు కూడా అబద్ధాలు చెబుతుంది. అదే కారణంతో సాకెట్‌లో గ్రీజు పూయనివ్వకండి. అతుకులు సైలెన్సరు గొట్టానికి దూరంగా ఉండాలి.

బిగించే రోజు చెప్పడానికి పెద్దగా లేదు. ఇరవై ఏళ్ల గొట్టంలో మర పట్టేసి ఉండవచ్చు కాబట్టి ముందు రోజు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాలి. కొత్త సెన్సారు మరకు సాధారణంగా కంపెనీయే పేస్టు పూసి పంపుతుంది. పైన ఇంకా పూసి, చిల్లుల కొన మీదికి అంటిస్తే అది విషమే. సిలికాన్ గమ్ము ఆ దరిదాపులకు రాకూడదు. సెన్సారు తిప్పేటప్పుడు తీగలు మెలిపడకుండా చూసుకుని, సాకెట్ చివర్లో తగిలించాలి.

ఒక్క సంగతి మరిచాను. మీ బండిలో సెన్సారు ఒకటే ఉందా, సైలెన్సరు గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు తరువాత ఇంకోటి ఉందా చూసుకోండి. రెండుంటే పి0135 చెప్పేది ఇంజిన్‌కు దగ్గరగా, కన్వర్టరుకు ముందున్న దాని గురించి. వెనకదాని కోడ్ పి0141. ముందుదానికి కోడ్ వస్తే చేతికి సులువుగా అందిందని వెనకది మార్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఇథనాల్ విషయం. దాన్ని దేనికైనా తిట్టండి, దీనికి కాదు. మీకు మొదట వచ్చింది హీటరు సర్క్యూటు కోడ్, అంటే కరెంటుకు సంబంధించినది. ట్యాంకులో ఏమున్నా హీటరు తీగ తెగదు. ఇంకో మాట కూడా. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి 20 శాతం కలిసిన పెట్రోలుకు గాలి తక్కువ చాలు, 14.7 అన్న లెక్క 13.5 దగ్గరకు దిగుతుంది. సెన్సారు పనిచేస్తుంటే ఈ తేడాను అదే పసిగట్టి కంప్యూటరు చేత పెట్రోలు పెంచిస్తుంది, కొంత హద్దు దాకా. దాన్ని గుడ్డిదాన్ని చేసి నడిపితే ఆ సర్దుబాటు కూడా ఉండదు. కాబట్టి కొత్త పెట్రోలు వచ్చాక మీ పాత కారుకు మంచి సెన్సారు అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు. రబ్బరు గొట్టాల సంగతి వేరు, దానికి ఇంకో ఉత్తరం రాయండి.

కొత్తది బిగించాక 'లైటు ఆరింది' అన్న మాటతో తాళాలు తీసుకోకండి. స్కానరుతో ఎవరైనా ఆర్పగలరు. ఇంజిన్ బాగా వేడెక్కాక, స్కానరులో ముందు సెన్సారు వోల్టేజీని కదిలే అంకెల్లో చూపించమనండి. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని నిలిపితే, మీది మామూలు ఆక్సిజన్ సెన్సారైతే, 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగాలి. ఊగితే మీ కంప్యూటరు బతికి బయటపడినట్టే, పొల్యూషన్ పరీక్షకు వెళ్లండి. సరైన సెన్సారు, సరైన తీగలు ఉండీ ఆ అంకె ఒకచోటే నిలబడిపోతే, అప్పుడు కంప్యూటరు సిగ్నలు కాలిని పరీక్షించగల వారి దగ్గరకు తీసుకువెళ్లాలి. ఆ పరిస్థితి వస్తే పాత సెన్సారూ, ఆ అతికించిన సెన్సారూ రెండూ వెంట తీసుకువెళ్లండి. ఏ తీగ ఎక్కడ కలిసిందో చూస్తేనే పెట్టెలో ఎక్కడ వెతకాలో వారికి తెలుస్తుంది.